జపాన్ కాపీరైట్ చట్టం: ఏఐకి తలుపులు బార్లా తెరిచారన్నది ఎంతవరకు నిజం?

చదువరి_భీమవరం

జపాన్‌లో ఎవరి పుస్తకమైనా, ఎవరి బొమ్మైనా ఏఐ శిక్షణకు ఉచితంగా వాడుకోవచ్చని, హక్కుదారులు నోరెత్తడానికి లేదని మా లా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరుగుతోంది. వచ్చే వారం తరగతిలో ఇదే అంశం మీద వాదన ఉంది. "జపాన్ చేసిందే సరైనది" అన్న పక్షం నాకు పడింది. వాదించే ముందు జపాన్ ఏం చేసిందో తెలియాలి కదా! చదివిన రెండు వ్యాసాలూ రెండు రకాలుగా చెబుతున్నాయి. చట్టం తెలిసినవాళ్లు, అక్కడ ఉంటున్నవాళ్లు కాస్త వివరిస్తారా?

లక్ష్మణరేఖ

మీ గ్రూపు సందేశంలో సగం నిజం ఉంది. ఆ సగం 30-4 అధికరణం నుంచి వచ్చింది. 2018లో సవరించారు, 2019 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. సారం ఇది: ఒక రచనలో వ్యక్తమైన ఆలోచనను, అనుభూతిని తాను ఆస్వాదించడానికో ఇతరులకు ఆ ఆస్వాదన కలిగించడానికో కాకుండా వేరే పనికి వాడుకుంటే, ఆ పనికి అవసరమైన మేరకు ఏ పద్ధతిలోనైనా వాడుకోవచ్చు. అనుమతి అక్కరలేదు. ఇలాంటి పనులకు చట్టం తానే ఇచ్చిన ఉదాహరణల్లో సమాచార విశ్లేషణ ఒకటి. వ్యాపారమా, పరిశోధనా అన్న తేడా చూపలేదు. "నా రచన జోలికి రావద్దు" అని హక్కుదారు ముందే చెప్పి తప్పుకునే ఏర్పాటూ లేదు. యూరోపియన్ యూనియన్ 2019 ఆదేశంలో అది ఉంది.

మిగతా సగం వాట్సాప్‌లో ఎవరూ పంపరు. అదే అధికరణం చివర ఒక షరతు పెట్టారు. రచన స్వభావాన్ని, ప్రయోజనాన్ని, వాడుకున్న తీరును బట్టి హక్కుదారు ప్రయోజనాలకు అన్యాయంగా నష్టం కలిగేటట్లయితే మినహాయింపు వర్తించదు. తగవంతా ఆ ఒక్క వాక్యం చుట్టూనే నడుస్తోంది.

ఇంకో మాట. ఇది శిక్షణ దశకు ఇచ్చిన వెసులుబాటు. శిక్షణ పూర్తయ్యాక ఆ ఏఐ ఇచ్చిన బొమ్మ మరొకరి బొమ్మను పోలి ఉండి, దాని ఆధారంగానే తయారైందని తేలితే మామూలు ఉల్లంఘన కేసే అవుతుంది. శిక్షణకు అనుమతి ఉంది కాబట్టి ఫలితానికీ ఉందనుకోవడం పొరపాటు.

ఫణి_టోక్యో

టోక్యోలో భాషా సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తున్నాను. బయటివాళ్లు తరచుగా మరిచే సంగతి ఒకటి చెప్పాలి: 30-4 ఏఐ మోజులో రాత్రికి రాత్రి పుట్టింది కాదు. దీని తొలి రూపం 2009 సవరణలోనే వచ్చింది. కంప్యూటర్‌తో సమాచార విశ్లేషణ చేయడానికి రచనలను నకలు తీసుకోవచ్చని అప్పుడే 47-7 అధికరణంగా రాశారు. ప్రపంచంలో ఇలాంటి నియమం పెట్టిన తొలి దేశాల్లో జపాన్ ఒకటి. అప్పటికి ఈ చాట్‌బాట్లు ఎవరి ఊహలోనూ లేవు.

అదే సవరణలో సెర్చ్ ఇంజిన్లకు కూడా మినహాయింపు ఇచ్చారు. అంతవరకు పరిస్థితి ఎంత విడ్డూరమంటే, వెబ్ పేజీలను సర్వర్లో నకలు పెట్టుకోవడమే ఉల్లంఘన అవుతుందేమోనన్న భయంతో సెర్చ్ సేవల సర్వర్లు దేశం బయటే ఉండేవి. జపాన్ వాళ్లు జపాన్ పేజీలను వెతుక్కోవడానికి సముద్రం దాటి వెళ్లాల్సి వచ్చేది!

2009 నియమంలో లోపాలు లేకపోలేదు. సొంతంగా విశ్లేషణకు నకలు తీసుకోవచ్చు గాని, సిద్ధం చేసిన డేటాను ఇంకో ప్రయోగశాలకు ఇవ్వడం ఎక్కడా చెప్పలేదు. 2018లో "ఏ పద్ధతిలోనైనా" అని రాయడంతో ఆ చిక్కు తీరింది.

విన్నీ కేసును కూడా మీ వాదనలో తప్పక పెట్టండి. ఫైళ్లను పంచుకునే ఆ సాఫ్ట్‌వేర్ రాసిన ఇసాము కనెకోను 2004లో అరెస్టు చేశారు. 2006లో క్యోటో జిల్లా కోర్టు 15 లక్షల యెన్ల జరిమానా వేసింది. 2009లో ఒసాకా హైకోర్టు కొట్టేసింది. 2011లో సుప్రీంకోర్టు కూడా ఆయన నిర్దోషి అంది. ఏడేళ్లు! ఆ తర్వాత ఇక్కడి ఇంజినీర్లలో ఎంతమందికి కొత్తది రాయాలంటే చేయి వణికిందో ఊహించుకోండి. చట్టం ముందే స్పష్టంగా "ఇది చేయవచ్చు" అని చెప్పాలన్న పట్టుదల వెనక ఆ చేదు కూడా ఉంది.

కుంచె

పుస్తకాల ముఖచిత్రాలు గీసి బతుకుతున్నాను. ఫణి గారూ, మీ ఇంజినీర్ల చేతి వణుకు గురించి బాగా చెప్పారు. మా చేతుల సంగతి కూడా కాస్త వినండి. నేను పదేళ్లుగా గీసిన బొమ్మలన్నీ వెబ్‌సైటులో ఉన్నాయి. వాటిని మీ యంత్రం "ఆస్వాదించడం లేదు" కాబట్టి నాకు నష్టం లేదట. నిజమే, యంత్రం ఆస్వాదించదు. కాని ఆ యంత్రం దగ్గర బొమ్మ వేయించుకున్న ప్రచురణకర్త ఆస్వాదిస్తాడు, ఆ పుస్తకం కొన్న పాఠకుడు ఆస్వాదిస్తాడు. మధ్యలో యంత్రం ఉందని నా బొమ్మకూ పాఠకుడికీ ఉన్న బంధం తెగిపోయిందంటే అది చట్టపరమైన గారడీ. చెరుకు రసం తీసే మిషను రసం తాగదు కాబట్టి చెరుకు తోటవాడికి డబ్బివ్వక్కరలేదన్నట్టుంది.

ఫణి_టోక్యో

కుంచె గారూ, మీ కోపం అర్థమైంది. కాని చట్టం కాపాడేది వ్యక్తీకరణను. మీ బొమ్మల్లోంచి నేర్చుకున్నది రంగుల పొందిక, గీత పోకడ అయితే అది ఎవరి సొత్తూ కాదు. మీరు కూడా పాత చిత్రకారుల్ని చూసే నేర్చుకున్నారు కదా.

కుంచె

చూసి నేర్చుకున్నాను, నిజమే. గంటకు పది వేల బొమ్మలు వేసి వాళ్ల కొలువు ఊడగొట్టలేదు.

నిర్వాహకులు

ఇద్దరికీ మనవి: వృత్తుల మీద విసుర్లు వద్దు. విషయం మీదే ఉండండి.

లక్ష్మణరేఖ

కుంచె గారి ప్రశ్న జపాన్‌లోనూ వచ్చింది. అక్కడి ప్రభుత్వ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ తరఫున నిపుణుల ఉపసంఘం 2024 మార్చిలో ఏఐ, కాపీరైట్ మీద ఒక వివరణ పత్రం ఇచ్చింది. ముసాయిదా మీద దాదాపు 25,000 అభిప్రాయాలు వచ్చిపడ్డాయి. చట్టం మీద సామాన్య ప్రజలు అంత వేడిగా స్పందించడం అరుదు. ఆ పత్రానికి చట్టబలం లేదు, కోర్టులు దానికి కట్టుబడనక్కరలేదు. అయినా అందులో మూడు సంగతులు కుంచె గారికి పనికొస్తాయి.

మొదటిది, ప్రయోజనం ఒక్కటే ఉండాలన్న నియమం లేదు. విశ్లేషణతో పాటు ఆస్వాదన ఉద్దేశం కూడా కలిసి ఉంటే 30-4 రక్షణ పోతుంది. అంటే ఫలానా చిత్రకారుడి బొమ్మలు మాత్రమే ఏరి, వాటిలోని సృజనాత్మక వ్యక్తీకరణే మళ్లీ బయటికి వచ్చేలా కావాలని శిక్షణ ఇస్తే, "ఇది విశ్లేషణ" అన్న మాట నిలవదు. అయితే శైలి ఒక్కటే పోలి ఉంటే చాలదు. శైలికి కాపీరైట్ లేదన్న పాత గీతను వాళ్లు చెరపలేదు.

రెండోది, విశ్లేషణ కోసమే తయారుచేసి అమ్ముతున్న డేటాబేస్‌ను డబ్బు కట్టకుండా నకలు తీసుకుంటే అది అన్యాయమైన నష్టం కిందికి వస్తుంది. దీన్ని ఇంకో మెట్టు పొడిగించారు. ఒక సైటు ఏఐ సేకరణ ప్రోగ్రాములను రోబోట్స్ ఫైలులో (ఏది తీసుకోవచ్చో, ఏది వద్దో ఆ ప్రోగ్రాములకు చెప్పే ఫైలు) అడ్డుకుని, ఆ సమాచారాన్నే డేటాబేస్‌గా అమ్మబోతోందని తెలిసే పరిస్థితి ఉంటే, ఆ అడ్డు దాటి తీసుకోవడమూ షరతుకు చిక్కవచ్చంది. చట్టంలో రాయని తిరస్కార హక్కు పక్కదారిన కొంత వచ్చిందన్నమాట.

మూడోది, అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు వ్యాసాలు వెతికి, వాటిలోని వాక్యాలను జవాబులో చూపించే సేవలు. ఇక్కడ వాక్యాలు పాఠకుడికి చేరుతున్నాయి కాబట్టి 30-4 కాదు, 47-5 చూడాలి. అది "కొద్దిపాటి" వాడకానికే, సెర్చ్ ఫలితంలో రెండు ముక్కలు చూపించడం లాంటి దానికే సరిపోతుంది. 2025 ఆగస్టులో యోమియురి పత్రిక, ఆ వెంటనే నిక్కీ, అసాహి పత్రికలు పర్‌ప్లెక్సిటీ అనే ఏఐ సెర్చ్ సంస్థ మీద టోక్యో జిల్లా కోర్టులో దావా వేశాయి. ఈ రకం సేవల మీదే.

గ్రంథపాలకురాలు_విజయ

ఏఐ గొడవలో పడి అసలు సంస్కరణ ఎవరికీ పట్టడం లేదని నాకు బాధ. లైబ్రరీలో పనిచేసేదాన్ని కాబట్టి లైబ్రరీల గురించిన 31, బడుల గురించిన 35 అధికరణాలే నాకు ముఖ్యం. చదువరి గారూ, మీ వాదనకు అసలు బలం అక్కడుంది.

బడుల సంగతి చూడండి. తరగతి గదిలో ఉపాధ్యాయుడు జిరాక్సు తీసి పంచడానికి జపాన్‌లో ముందునుంచీ అడ్డు లేదు. అదే కాగితాన్ని ఇంటర్నెట్‌లో పిల్లలకు పంపాలంటే మాత్రం అనుమతి కావాలి. 2018 సవరణ దాన్ని మార్చింది: అనుమతి అక్కరలేదు, కాని పరిహారం కట్టాలి. 2021 వరకు గడువు పెట్టుకుని తీరిగ్గా ఏర్పాట్లు చేసుకుంటుండగా కరోనా వచ్చింది. బడులు మూతపడ్డాయి. దాంతో 2020 ఏప్రిల్ 28నే అమల్లోకి తెచ్చి, ఆ ఏడాదికి రుసుము సున్నా చేశారు. 2021 ఏప్రిల్ నుంచి రుసుము మొదలైంది. ఏడాదికి ఒక్కో విద్యార్థికి ప్రాథమిక బడిలో 120 యెన్లు, మాధ్యమిక బడిలో 180, హైస్కూల్లో 420, విశ్వవిద్యాలయంలో 720. కట్టేది విద్యార్థి కాదు, బడి నడిపే సంస్థ. సార్ట్రాస్ అనే ఒకే సంస్థ వసూలు చేసి హక్కుదారులకు పంచుతుంది. ఉపాధ్యాయురాలు ప్రతి కవితకూ ప్రచురణకర్తకు ఉత్తరం రాసే బాధ తప్పింది, కవికీ ఎంతో కొంత చేరుతుంది. (పంపకం ఎంత న్యాయంగా ఉంటుందన్నది వేరే పురాణం. ఏ పుస్తకం ఎన్నిసార్లు వాడారో అన్ని బడులూ రాసి పెట్టవు కదా, కొన్ని బడుల లెక్క తీసి అంచనా కట్టాలి.)

లైబ్రరీలు ఇంకా ఆసక్తికరం. మార్కెట్లో దొరకని పుస్తకాలను జాతీయ పార్లమెంటు గ్రంథాలయం డిజిటల్ రూపంలో 2014 నుంచి ఇతర లైబ్రరీలకు పంపేది. పాఠకుడు ఆ లైబ్రరీకి వెళ్లి తెర ముందు కూర్చోవాలి. కరోనాలో లైబ్రరీలే మూసేశాక ఆ ఏర్పాటు ఎందుకూ కొరగాలేదు. 2021లో చట్టం మార్చి, 2022 మే నుంచి నమోదైన పాఠకుడు ఇంట్లోంచే చదివేలా చేశారు. మామూలు లైబ్రరీ ఒక పుస్తకంలో కొంత భాగాన్ని ఈమెయిల్‌లో పంపడం 2023 జూన్ నుంచి చట్టబద్ధమైంది. దానికి మళ్లీ పరిహారం ఉంది. ఇక్కడ కాస్త పెదవి విరవాలి: పరిహారంతో పాటు పాఠకుడిని ధ్రువీకరించడం, ఫైలు దుర్వినియోగం కాకుండా చూడడం, ఉద్యోగులకు శిక్షణ, ఇన్ని షరతులు నెరవేరిస్తేనే లైబ్రరీ ఆ సేవ మొదలుపెట్టగలదు. చిన్న ఊరి లైబ్రరీకి ఇదంతా ఎక్కడ సాధ్యం? మినహాయింపు ఇచ్చామన్న పేరు వాళ్లకు, కాగితాల మోత మాకు.

మాంగా_మోజు

విజయ గారి పోస్టు బంగారం. ఇక మాంగా (జపాన్ బొమ్మల కథలు) వైపు నుంచి నా వంతు. సంస్కరణ అంటే వెసులుబాట్లు ఇవ్వడమే కాదు, ఉన్నవాటిని కత్తిరించడం కూడా. సొంతానికి నకలు తీసుకోవచ్చన్న 30వ అధికరణాన్ని చూడండి. దొంగ సైట్ల నుంచి పాటలు, వీడియోలు తెలిసి దించుకుంటే ఆ మినహాయింపు వర్తించదని 2010 నుంచి అమలు చేశారు. 2012లో జైలు శిక్ష కూడా కలిపారు. తర్వాత మాంగామురా అనే దొంగ సైటు మాంగా ప్రచురణకర్తల కొంప ముంచింది. 2018 ఏప్రిల్‌లో అది మూతపడింది. అప్పుడు ప్రభుత్వం పాటలకున్న నిషేధాన్ని అన్ని రకాల రచనలకూ వర్తింపజేస్తామంది.

2019లో జరిగింది చూడండి! దోపిడీకి గురైన మాంగా కళాకారుల సంఘమే ఆ ముసాయిదాను వ్యతిరేకించింది. ఎందుకంటే ఎవరో ట్విటర్‌లో అనుమతి లేకుండా పెట్టిన బొమ్మను స్క్రీన్‌షాట్ తీసుకున్నా నేరమయ్యేలా రాశారు. బొమ్మలు గీసేవాళ్లకు అలాంటి నకళ్లు దాచుకోవడం రోజువారీ పని. అధికార పక్షం వెనక్కి తగ్గి ముసాయిదాను పక్కన పెట్టింది. 2020లో మళ్లీ తెచ్చినప్పుడు మాంగాలోని కొన్ని గడులు మాత్రమే దించుకుంటే తప్పు కాదు, అభిమానులు గీసిన అనుకరణలను దించుకోవడం తప్పు కాదు, తెరపట్టులో (స్క్రీన్‌షాట్‌లో) అనుకోకుండా పడిన బొమ్మ తప్పు కాదు అని చేర్చారు. 2021 జనవరి 1 నుంచి ఇదే అమలు.

ఆ తెరపట్టు సంగతి నాకు భలే నచ్చింది. 2012లో పెట్టిన 30-2 ప్రకారం ఫొటో తీసేటప్పుడు వెనక గోడ మీది పోస్టరు పడితే పరవాలేదు. కాని ఫొటో, వీడియో, రికార్డింగ్ వరకే. 2020లో దాన్ని తెరపట్టులకు, ప్రత్యక్ష ప్రసారాలకు పొడిగించారు. ఆటబొమ్మను పట్టుకున్న పాపాయి ఫొటో తీసుకోవచ్చా అన్న ప్రశ్నకు కూడా అధికారికంగా జవాబు దొరికింది. తీసుకోవచ్చు! ఇంతదాకా రాసి పెట్టే దేశం ఇంకోటి ఉందంటారా?

చదువరి_భీమవరం

అందరికీ ధన్యవాదాలు, నోట్సు రాసుకుంటున్నాను. ఒక సందేహం. ఇంత చిన్న చిన్న విషయాలకు ఒక్కో అధికరణం రాసుకునే బదులు అమెరికాలో లాగా "న్యాయమైన వాడకం" అని ఒక్క సూత్రం పెట్టుకుని మిగతాది కోర్టులకు వదిలేయవచ్చు కదా?

ఫణి_టోక్యో

అదే పదేళ్ల రామాయణం. 2008, 2009ల్లో ప్రభుత్వ మేధాసంపత్తి కేంద్రమే "జపాన్ తరహా న్యాయమైన వాడకం" తేవాలంది. పరిశ్రమలు సై అన్నాయి. హక్కుదారుల సంఘాలు ఒంటికాలిపై లేచాయి. కమిటీల్లో నలిగి నలిగి 2012లో బయటికి వచ్చినది చూస్తే, నేపథ్యంలో పడిన పోస్టరు లాంటి నాలుగు చిన్న మినహాయింపులు. కొండను తవ్వి ఎలుకను పట్టారు. 2018లో నడిమి దారి పట్టారు: 30-4, 47-4, 47-5 లాంటి కొన్నింటిని వెడల్పుగా రాసి, మిగతావాటిని పాత పద్ధతిలోనే ఉంచారు.

కోర్టుకు వెళ్లి తేల్చుకోవడం అమెరికన్ కంపెనీలకు అలవాటు. ఇక్కడి కంపెనీలో "దావా వేస్తే చూసుకుందాం" అంటే ఆ పథకాన్ని ముందుకు సాగనివ్వరు. కాబట్టి రాతలో ఉండాలి.

లక్ష్మణరేఖ

ఆ పద్ధతికి మూల్యం కూడా ఉంది. రాతలో లేనిది నిషిద్ధమైపోతుంది. పేరడీయే చూడండి. యోషికజు షిరకావా తీసిన ఫొటోలో ఆల్ప్స్ మంచు వాలు మీద స్కీ చేసేవాళ్లు గీతలు గీసుకుంటూ దిగుతుంటారు. మాడ్ అమానో దాని మీద కొండంత కారు టైరు అతికించాడు. ఆ గీతలు టైరు జాడల్లా కనిపిస్తాయి. చూసినవాడు నవ్వుకుంటాడు, కార్ల కాలుష్యం మీద విసురని కూడా అర్థమవుతుంది. 1980లో సుప్రీంకోర్టు మాత్రం ఇది ఉల్లేఖన (ఇతరుల రచనను ఉదహరించడం) కిందికి రాదంది. ఉల్లేఖన అయితే రెండు రచనలూ విడివిడిగా గుర్తుపట్టేలా ఉండాలి, తనది ప్రధానం, తెచ్చుకున్నది అనుబంధంగా ఉండాలంది. ఇన్ని సవరణలు వచ్చినా పేరడీకి ఇప్పటికీ ప్రత్యేక మినహాయింపు లేదు.

పుస్తకం కొనుక్కుని, స్కానింగు దుకాణంలో డిజిటల్ చేయించుకోవడం కూడా అంతే. నీ పుస్తకం నువ్వే స్కాన్ చేసుకుంటే సొంత వాడకం. డబ్బిచ్చి వేరేవాళ్లతో చేయిస్తే నకలు తీసింది దుకాణం కాబట్టి ఉల్లంఘన అని 2014లో మేధాసంపత్తి హైకోర్టు తేల్చింది. చేతులు వణికి సొంతంగా స్కాన్ చేసుకోలేని పెద్దాయనకు ఆ తీర్పు ఏ దారీ చూపలేదు.

మాంగా_మోజు

మరి కామికెట్‌లో వేల మంది అభిమానులు గీసి అమ్మే అనుకరణ మాంగాలు? 1975 నుంచి నడుస్తున్న సంత అది.

లక్ష్మణరేఖ

మినహాయింపు వల్ల కాదు, హక్కుదారులు చూసీచూడనట్టు ఊరుకోవడం వల్ల నడుస్తోంది. ఫిర్యాదు లేనిదే ప్రాసిక్యూషన్ లేదన్నదే వాళ్ల గొడుగు. పసిఫిక్ వాణిజ్య ఒప్పందం కోసం ఆ నియమాన్ని సడలించినప్పుడు అందరూ భయపడ్డారు. 2018 డిసెంబరు 30న అమల్లోకి వచ్చిన రూపంలో, లాభం కోసం రచనను యథాతథంగా అమ్మి హక్కుదారుకు నష్టం చేసేవాళ్లకే ఫిర్యాదు అక్కరలేదన్నారు. అనుకరణలకు ఆ గండం తప్పింది. అదే రోజున కాపీరైట్ గడువు 50 ఏళ్ల నుంచి 70కి పెరిగింది. 1970లో చనిపోయిన నవలాకారుడు మిషిమా రచనలు 2021లో అందరి సొత్తు కావలసినవి, 2041కి జరిగాయి. ఒక చేత్తో మినహాయింపులు, రెండో చేత్తో ఇరవై ఏళ్లు.

వినికిడి_పాఠకుడు

ఎప్పుడూ చదివి ఊరుకునేవాణ్ణి, ఈసారి రాస్తున్నాను. నాకు చూపు లేదు. స్క్రీన్ రీడర్‌తో మీ పోస్టులు వింటున్నాను. 37వ అధికరణాన్ని ఎవరూ తలవలేదు. 2009 సవరణతో జపాన్‌లో మామూలు లైబ్రరీలు కూడా పుస్తకాలను శబ్ద రూపంలోకి మార్చి పాఠకులకు పంపే వీలు వచ్చింది. 2018లో పుస్తకం పట్టుకోలేని, పుట తిప్పలేని శారీరక వైకల్యం ఉన్నవాళ్లనూ చేర్చారు. చూపులేనివాళ్లకు పుస్తకాలు అందేలా కాపీరైట్ మినహాయింపులు ఇచ్చే మారకేష్ ఒప్పందం అక్కడ 2019 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు, 2014లో, ఆమోదించింది మన దేశం. చట్టం మనకు ముందే ఉంది. కాని జపాన్‌లో సపియే అనే ఆన్‌లైన్ లైబ్రరీలో బ్రెయిలీ, శబ్ద పుస్తకాలు ఒకేచోట దొరుకుతాయి. నాకు కావలసిన తెలుగు నవల మాత్రం ఎవరో ఒక స్వచ్ఛంద కార్యకర్త చదివి రికార్డు చేస్తే తప్ప దొరకదు. మినహాయింపు కాగితం మీద ఉండి, పుస్తకం తయారుచేసే మనిషి లేకపోతే నాకేం ఒరుగుతుంది?

గ్రంథపాలకురాలు_విజయ

మీరు ఏ నవల కోసం చూస్తున్నారో సందేశం పంపండి. మా లైబ్రరీ మిత్రులను అడుగుతాను.

చదువరి_భీమవరం

మా అధ్యాపకులు భారత్ సంగతి అడగడం ఖాయం. ఒక్క ముక్కలో?

లక్ష్మణరేఖ

మన 1957 చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపుల జాబితా పొడవుగానే ఉంది. అందులో డేటా విశ్లేషణ లేదు. 2024 నవంబరులో ఏఎన్‌ఐ వార్తా సంస్థ ఢిల్లీ హైకోర్టులో ఓపెన్‌ఏఐ మీద దావా వేసింది. 2025 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ కమిటీ ఒక పత్రంలో జపాన్‌కు దాదాపు వ్యతిరేక దారి సూచించింది: శిక్షణకు వాడుకోనివ్వాలి, కాని తప్పనిసరిగా రాయల్టీ కట్టించాలి. జపాన్ బడులకు పెట్టిన సూత్రాన్ని మనవాళ్లు ఏఐకి పెట్టాలంటున్నారు. మీ ప్రత్యర్థి పక్షం దీన్నే పట్టుకుంటుంది, సిద్ధంగా ఉండండి.

కుంచె

అదే నేను అడిగేది. బడిపిల్లల కవితకు 120 యెన్లు కట్టించగలిగిన దేశం, వేల కోట్ల కంపెనీ దగ్గరికి వచ్చేసరికి "ఆస్వాదన లేదు" అని వదిలేయడం ఏమిటి? ఫణి గారూ, ఒక సూటి ప్రశ్న. నా సైటులో రోబోట్స్ ఫైలు పెట్టాను. మీ కంపెనీ సేకరణ ప్రోగ్రాం దాన్ని చూసి ఆగుతుందా?

ఫణి_టోక్యో

ఆగుతుంది. 2024 పత్రం వచ్చాక మా న్యాయ విభాగం ఆ నిబంధన పెట్టింది. అంతకుముందు సేకరించిన డేటాలోంచి తీసేశారా అంటే, తీయలేదు. తీయాలని చట్టం చెప్పలేదు.

కుంచె

సరే. చదువరి గారూ, ఆ చివరి రెండు వాక్యాలు మీ ప్రత్యర్థి పక్షం వాళ్లకు కూడా పంపండి.